ఆవిరికి దారి

పొయ్యి మీద ఎసరు పెడతారు. పైన మూత పెడతారు. ఎసరు మరిగేసరికి మూత టకటకలాడుతుంది. కాస్త పక్కకు జరుగుతుంది. ఆ సందులోంచి ఆవిరి బయటికి పోతుంది. మూత కదలకుండా దాని మీద రుబ్బురాయి పెట్టి ఎవరూ వండరు. పెడితే ఏమవుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

నీరు ఆవిరైతే చాలా చోటు కావాలి. ఒక గ్లాసు నీరు పూర్తిగా ఆవిరైతే 1,600 గ్లాసులకు పైగా చోటు పడుతుంది. ఆ చోటు దొరక్కపోతే ఆవిరి గిన్నె గోడల్ని నెడుతుంది. ఈ నెట్టుడునే ఒత్తిడి అంటారు. ఇంగ్లీషులో ప్రెషర్ అంటారు. ప్రెషర్ కుక్కరుకు ఆ పేరు అందుకే వచ్చింది.

కుక్కరు మూత బిగించాక కదలదు. బయట గాలి ఒత్తిడి 1 అనుకుంటే కుక్కరు లోపల సుమారు 2 ఉంటుంది. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల వేడి దగ్గర ఆగిపోతుంది. కుక్కరులో 120 డిగ్రీల దాకా పోతుంది. పప్పు తొందరగా ఉడికేది అందుకే. ఒత్తిడి ఇంకా పెరగబోతే విజిల్ పైకి లేస్తుంది. ఎక్కువైన ఆవిరి బుస్సుమని పోతుంది. విజిల్ మళ్ళీ కూర్చుంటుంది.

పప్పు పొట్టు పోయి ఆవిరి దారికి అడ్డం పడిందనుకోండి. విజిల్ లేవదు. ఆవిరి లోపలే ఉండిపోతుంది. అప్పటి కోసమే మూత మీద ఇంకో చిన్న బిళ్ళ ఉంటుంది. దాన్ని సేఫ్టీ వాల్వు అంటారు. దాని మధ్యలో తొందరగా కరిగే లోహం ఉంటుంది. వేడి హద్దు దాటితే అది కరిగిపోతుంది. అక్కడ రంధ్రం పడుతుంది. ఆవిరి బయటపడుతుంది. కుక్కరు పేలదు. ఒకసారి కరిగిన బిళ్ళ మళ్ళీ పనికిరాదు. కొత్తది వేయించాలి. కొత్తది కొనకుండా ఆ రంధ్రంలో ఏదో ఒకటి దూర్చి వండేవాళ్ళూ ఉన్నారు. అదీ మూత మీద రుబ్బురాయి పెట్టడమే.

ఈ తెలివి చాలా పాతది. ఫ్రాన్సు దేశంలో పుట్టిన దెనీ పాపిన్ అనే ఆయన 1679లో లండనులో ఇలాంటి పాత్ర ఒకటి చేసి చూపించాడు. ఎముకలు కూడా అందులో మెత్తగా ఉడికేవి. పాత్ర పేలకుండా దానికి బరువుతో మూసుకునే వాల్వు పెట్టాడు. ఒత్తిడి ఎక్కువైతే బరువు లేచేది.

ఇక ఫ్యాక్టరీ సంగతి. మందులు, రంగులు, పురుగుమందులు, ప్లాస్టిక్కు తయారుచేసే చోట రసాయనాలను పెద్ద పెద్ద ఉక్కు పాత్రల్లో కలుపుతారు. ఆ పాత్రను రియాక్టరు అంటారు. రసాయనాలు వండే కుక్కరు అనుకోవచ్చు. కానీ దాని ఒత్తిడి వేరు. కుక్కరులో 2 ఉంటే లారీ టైరులో 8, 9 ఉంటుంది. పాల ప్యాకెట్టుకు వాడే మెత్తటి ప్లాస్టిక్కును ఎథిలీన్ అనే గ్యాసుతో చేస్తారు. కొన్ని ఫ్యాక్టరీల్లో ఆ రియాక్టరు లోపల ఒత్తిడి 1,000 నుంచి 3,000 దాకా ఉంటుంది. అందుకే దాని ఉక్కు గోడలు చాలా మందంగా ఉంటాయి.

ఇంకో పెద్ద తేడా ఉంది. కుక్కరుకు వేడి పొయ్యి నుంచి వస్తుంది. పొయ్యి ఆపితే కుక్కరు చల్లారుతుంది. చాలా రియాక్టర్లలో వేడి రసాయనాల నుంచే పుడుతుంది. సున్నపు రాళ్ళ మీద నీళ్ళు పోసి చూసినవారికి ఇది తెలుసు. కింద మంట ఉండదు. అయినా తొట్టిలో నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. రియాక్టరులోనూ అలాగే. అందుకని దాని చుట్టూ చల్లటి నీరు తిప్పుతారు. లోపల కవ్వం లాంటిది తిరుగుతూ ఉంటుంది.

కరెంటు పోయింది. నీటి పంపు ఆగింది. కవ్వం ఆగింది. అప్పుడు లోపల వేడి పెరుగుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే రసాయనాల పని ఇంచుమించు రెండింతల వేగం అందుకుంటుంది. వేగం పెరిగితే ఇంకా వేడి. ఆ వేడికి ఇంకా వేగం. ఇక ఆపడం మనిషి చేతిలో ఉండదు. ఎథిలీన్ రియాక్టరులో అయితే నిమిషాలు కూడా పట్టదు. వేడి హద్దు దాటితే ఆ గ్యాసు మసిగా, వేరే గ్యాసులుగా విరిగిపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా ఎగుస్తుంది. మనిషి పరుగెత్తి వెళ్ళి వాల్వు తిప్పేంత టైము ఉండదు.

అందుకే దానంతట అదే తెరుచుకునే దారి కావాలి. ఒకటి స్ప్రింగు వాల్వు. ఒత్తిడి పెరిగితే తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. కుక్కరు విజిల్‌కు ఇది అక్క లాంటిది. రెండోది పలుచని లోహపు బిళ్ళ. దీన్ని రప్చర్ డిస్క్ అంటారు. పగిలే బిళ్ళ అన్నమాట. ఎంత ఒత్తిడికి చిరగాలో ముందే లెక్క కట్టి చేస్తారు. ఆ ఒత్తిడి రాగానే అది చిరిగిపోతుంది. కంటి రెప్ప వేసేలోపే దారి పూర్తిగా తెరుచుకుంటుంది. స్ప్రింగు వాల్వు జిగురు పట్టి బిగుసుకుపోవచ్చు. బిళ్ళకు ఆ బాధ లేదు. అయితే చిరిగిన బిళ్ళ మళ్ళీ మూసుకోదు. లోపలున్న సరుకు పోతూనే ఉంటుంది. అందుకే కొన్నిచోట్ల బిళ్ళనూ వాల్వునూ రెండిటినీ కలిపి పెడతారు.

రంధ్రం ఉంటే చాలదు. అది తగినంత పెద్దదిగా ఉండాలి. సోడా కాయ కొట్టగానే నురగ పొంగుతుంది కదా. రియాక్టరు తెరుచుకున్నా అంతే. గ్యాసు ఒక్కటే రాదు. ద్రవమూ నురగై పొంగుకొస్తుంది. సన్నటి గొట్టంలో అది పట్టదు.

తెరుచుకోవాల్సిన సమయం కూడా ముఖ్యమే. 2007 డిసెంబరు 19న అమెరికాలోని జాక్సన్‌విల్ ఊళ్ళో ఒక రియాక్టరు చల్లబడక వేడెక్కింది. దాని బిళ్ళను గాలి ఒత్తిడికి సుమారు 27 రెట్లు వస్తేనే పగిలేలా పెట్టారు. అప్పటికే ఆలస్యమైంది. రియాక్టరు పేలిపోయింది. నలుగురు చనిపోయారు. ముక్కలు మైలు దూరం దాకా వెళ్ళి పడ్డాయి. బిళ్ళ సుమారు 5 రెట్ల దగ్గరే పగిలి ఉంటే ఆ రియాక్టరు నిలిచేదని విచారణలో తేలింది.

మరి బిళ్ళ సమయానికి పగిలింది. దారి తెరుచుకుంది. రియాక్టరు బతికింది. అంతటితో అయిపోయిందా? బయటికి వచ్చిన గ్యాసు ఎక్కడికి పోవాలి?

కుక్కరు ఆవిరి వంటింట్లో పోతే ఫరవాలేదు. విషపు గ్యాసు ఊరి మీదికి పోకూడదు. 1976 జూలై 10న ఇటలీలో సెవెసో ఊరి పక్క ఫ్యాక్టరీలో బిళ్ళ పగిలింది. రియాక్టరు పేలలేదు. కానీ గొట్టం తిన్నగా ఆకాశంలోకి ఉంది. డయాక్సిన్ అనే విషం మబ్బులా ఊరి మీద దిగింది. పిల్లల ఒంటి మీద పుండ్లు లేచాయి. కోళ్ళు, కుందేళ్ళు చచ్చిపోయాయి.

అందుకే గొట్టం చివర ఇంకో ఏర్పాటు ఉండాలి. పొంగి వచ్చిన సరుకును పట్టుకునే పెద్ద తొట్టి కావచ్చు. విషాన్ని విరగ్గొట్టే మందు నీళ్ళ గోపురం కావచ్చు. గ్యాసును ఎత్తున కాల్చేసే మంట గొట్టం కావచ్చు.

భోపాల్‌లో ఇవి ఉన్నాయి. ఉండి కూడా పనిచేయలేదు.

1984 డిసెంబరు 2 రాత్రి. యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకు. అందులో మిథైల్ ఐసోసయనేట్ అనే విషద్రవం 40 టన్నుల దాకా ఉంది. అది దాచే ట్యాంకే గానీ రియాక్టరు కాదు. కానీ అందులోకి నీళ్ళు చేరాయి. సున్నంలో నీళ్ళు పోసినట్టయింది. దాచే ట్యాంకే రియాక్టరైపోయింది. ఒత్తిడి పెరిగింది. బిళ్ళ పగిలింది. దాని పైన ఉన్న వాల్వు తెరుచుకుంది. ఆ రెండూ తమ పని తాము చేశాయి. ట్యాంకు పేలలేదు.

మిగిలినవన్నీ పడుకున్నాయి. ట్యాంకును చల్లగా ఉంచే యంత్రాన్ని నెలల ముందే ఆపేశారు. మంట గొట్టానికి పోయే పైపు ముక్కను రిపేరుకని తీసేశారు. తిరిగి పెట్టలేదు. సోడా నీళ్ళ గోపురం పనిలో లేదు. పనిలో ఉన్నా అంత గ్యాసును ఆపే శక్తి దానికి లేదు. నీళ్ళు చిమ్మే గొట్టాల నీరు గ్యాసు వచ్చే ఎత్తుకు అందలేదు. సైరన్ కాసేపు మోగింది, ఆగిపోయింది. జనం నిద్రలో ఉన్నారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం లెక్కలోనే 3,787 మంది చనిపోయారు. అంతకు మించి ఎందరో అని బాధితులు చెబుతూనే ఉన్నారు. ఆ బాధితుల కోసం ఏళ్ళ తరబడి పోరాడిన రషీదా బీ, చంపాదేవి శుక్లా అనే ఇద్దరు ఆడవాళ్ళకు 2004లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది.

ట్యాంకు క్షేమం వేరు, ఊరి క్షేమం వేరు అని ఆ రాత్రి తేలిపోయింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చారు. ఫ్యాక్టరీలో ఏ ప్రమాదం ఉందో, వస్తే ఏం చేయాలో పనివాళ్ళకే కాదు, చుట్టుపక్కల జనానికీ చెప్పాలని అందులో రాశారు.

రాసినంత మాత్రాన జరగదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోని స్టైరీన్ వేడెక్కి ఆవిరైంది. ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ నొక్కే చోట్లు 36 ఉన్నా సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీ రాసింది.

ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో ఉండేవారు అడగవలసిన ప్రశ్నలు పెద్ద చదువులవి కావు. ఇక్కడ ఏం వండుతున్నారు? వాల్వు తెరుచుకుంటే గ్యాసు ఎటు పోతుంది? దాన్ని పట్టే తొట్టీ, గోపురం ఇవాళ పనిలో ఉన్నాయా? వాల్వును ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారు? సైరన్ ఎలా మోగుతుంది? గ్రామసభలో అడగవచ్చు. సంఘంలో నలుగురూ కలిసి కాగితం మీద రాసి ఇవ్వవచ్చు.

గ్యాసు వచ్చిన రాత్రి మాత్రం అడుగుతూ కూర్చోకూడదు. ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టుకోవాలి. గ్యాసు గాలితోపాటే పోతుంది. భోపాల్‌లో చాలామంది గాలి పోయే వైపే పరుగెత్తారు. గ్యాసు వాళ్ళ వెంటే వచ్చింది. చీర కొంగు ఎటు ఎగురుతోందో చూడాలి. అటు పోకూడదు. ఫ్యాక్టరీ వైపూ పోకూడదు. గాలికి అడ్డంగా, పక్కకు నడిచి దూరం పోవాలి.