కొత్త ఇంజనుకు తగిన డిస్ట్రిబ్యూటర్

తెలుగునాట లారీ అనగానే డీజిల్ ఇంజను తలపునకు వస్తుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వకు పని లేదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. కనుక లారీలతో పరిచయమున్నవారికి కూడ డిస్ట్రిబ్యూటర్ అనే పరికరం కొత్తగా తోచవచ్చును. అంబాసిడర్ కారు బానెట్ ఎత్తి, పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్దుకున్న పెద్దలకు మాత్రం అది పాత చుట్టమే.

అమెరికాలో ఇళ్ల ముందు కనిపించే ట్రక్కు సామాన్యంగా పెట్రోలు పికప్. లైసెన్సు చేతికి వచ్చిన కుర్రవాడు పాత పికప్ ఒకటి చవకగా కొని, తండ్రిని వెంటబెట్టుకొని గరాజులో దాని ఇంజను మార్చబూనడం మన కుటుంబాలలోనూ కానరాని ముచ్చట కాదు. ఉదాహరణకు, 1980ల తొలినాటి ఫోర్డ్ ఎఫ్-150లోని ఆరు సిలిండర్ల ఇంజనును తీసివేసి, 1987-93 నడుమ ముస్టాంగ్ జీటీలో వచ్చిన 5.0 లీటర్ల వీ-8ను అమర్చాలని వారి సంకల్పం అనుకుందాము. ఇంజను ఎత్తి దింపడానికి కండబలం చాలును. ఆలోచన కావలసినది డిస్ట్రిబ్యూటర్ దగ్గర.

కాయిల్ నుండి వచ్చే అధిక విద్యుత్ పీడనాన్ని ఏ సిలిండరుకు ఎప్పుడు అందించాలో అప్పుడు అందించడమే దాని పని. అది క్రాంక్ షాఫ్టు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు క్షణానికి 200 రవ్వలు పంచవలసి ఉంటుంది. (ఆ రవ్వల వలన మూత లోపలి గాలిలో ఓజోను, నత్రజని ఆక్సైడులు పుడతాయి, తేమ తగిలితే నత్రికామ్లం కూడ ఏర్పడుతుంది. పాత మూత తీసినప్పుడు లోహపు కొనలపై కనిపించే ఆకుపచ్చని, తెల్లని పొరకు అది ఒక కారణం.)

ఆరు సిలిండర్ల పాత డిస్ట్రిబ్యూటర్ ఎనిమిదింటికి పనికిరాదు; ఇది చెప్పనక్కరలేదు. ముస్టాంగ్ ఇంజనుతో వచ్చినదానినే ఉంచుదామంటే వేరొక చిక్కు. ఇంజను వేగం పెరిగిన కొద్దీ రవ్వ మరింత ముందుగా పడాలి. పూర్వపు డిస్ట్రిబ్యూటర్లలో ఈ పనిని స్ప్రింగులు తగిలించిన చిన్న బరువులు, శూన్యపీడనంతో కదిలే పొర నిర్వహించేవి. ముస్టాంగ్ డిస్ట్రిబ్యూటర్‌లో అవి లేవు. ఆ బాధ్యత కారులోని కంప్యూటరుది. కంప్యూటరు లేని కార్బురేటరు ట్రక్కులో దానిని పెడితే రవ్వ పడే వేళ ఒకేచోట నిలిచిపోతుంది. ఇంజను నడుస్తుంది గాని బలం ఉండదు, అనవసరంగా వేడెక్కుతుంది.

అప్పుడు సహజంగా తోచే ఉపాయం, పాత 302 ఇంజనుకు వాడిన డ్యూరాస్పార్క్ డిస్ట్రిబ్యూటర్. బరువులూ పొరా అందులో ఉన్నాయి. రంధ్రంలో చక్కగా దిగుతుంది, ఇంజను వెంటనే అందుకుంటుంది. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది, ఏమంటే అది వెంటనే కనబడదు.

డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న చిన్న పళ్లచక్రం కామ్ షాఫ్టుపై ఉన్న పళ్లతో కలిసి తిరుగుతుంది. పాత 302లో కామ్ షాఫ్టు పోత ఇనుము, చక్రమూ పోత ఇనుమే. ముస్టాంగ్ ఇంజనులో రోలర్ లిఫ్టర్ల కొరకు ఉక్కు కామ్ షాఫ్టు వాడారు. దానికి ఉక్కు చక్రమే ఉండాలి. ఈ రెండు చక్రాల పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ రాపిడి చెందుతాయి. పోత ఇనుములోని గ్రాఫైటు పొరలు ఆ రాపిడిని కొంత ఓర్చుకోగలవు గాని, ఉక్కుతో జత కట్టినప్పుడు పోత ఇనుప పళ్లు క్రమంగా కత్తి అంచులవలె పలచబడతాయి. అరిగిన లోహపు పొడి ఆయిల్‌లో కలుస్తుంది.

అంతటితో పోదు. ఈ ఇంజనులలో ఆయిల్ పంపును తిప్పేది కూడ డిస్ట్రిబ్యూటర్ షాఫ్టే. పళ్లు విరిగిన నాడు రవ్వ ఆగిపోవడంతో పాటు ఆయిల్ ప్రవాహమూ ఆగుతుంది. 351 విండ్సర్ డిస్ట్రిబ్యూటర్ పైకి 302దానివలెనే కనిపిస్తుంది గాని, దాని పంపు షాఫ్టు 5/16 అంగుళం, 302ది 1/4 అంగుళం.

కనుక కొనేముందు అడగవలసినది ట్రక్కు ఏ సంవత్సరానిది అని కాదు, కామ్ షాఫ్టు ఏ లోహానిది అని. ఇంజను చేతులు మారి ఉంటే కామ్ కూడ మారి ఉండవచ్చును. రోలర్ కామ్‌లు అన్నీ ఉక్కువి కావు. తయారీదారు సూచించిన చక్రమే వాడాలి. కంచు చక్రం తాను అరిగి కామ్‌ను కాపాడుతుంది, అందుకే పందెపు కార్లకు తగినది, రోజువారీ ట్రక్కుకు కాదు. 1985లో కార్బురేటరు ముస్టాంగ్‌కు వచ్చిన డ్యూరాస్పార్క్‌కు ఉక్కు చక్రమే ఉన్నది. దొరికితే అది నేరుగా సరిపోతుంది. పాతదానికి ఉక్కు చక్రం బిగించవచ్చును గాని, షాఫ్టు మందమూ, చక్రం నిలిచే ఎత్తూ ఖచ్చితంగా కుదరాలి.

తీగలు తగిలించే వరుస కూడ కామ్‌దే. పాత 302కు 1-5-4-2-6-3-7-8; ముస్టాంగ్ ఇంజనుకు 1-3-7-2-6-5-4-8. పాత పుస్తకం చూసి తగిలిస్తే కార్బురేటరు గుండా పేలుడు శబ్దం వినవలసి వస్తుంది. వరుస సరిచేసి, ఆయిల్ పీడనం చూసుకొని, కొన్ని వందల మైళ్లు నడిపిన పిమ్మట డిస్ట్రిబ్యూటర్‌ను ఒకసారి పైకి తీసి పళ్లు పరిశీలించాలి. పళ్లు పలచబడుతూ ఉంటే ఆ చక్రాన్ని మార్చనిదే బండి తీయరాదు.