కరిగే స్క్రూ కరగడానికి ఏడేళ్లు

మోకాలిలోని ఏసీఎల్ లిగమెంట్ తెగి ఆపరేషన్‌కు సిద్ధపడ్డవారిని ఆసుపత్రిలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: టైటానియం స్క్రూ వేయాలా, కరిగిపోయే స్క్రూ వేయాలా? రెండోదానికి సాధారణంగా ఖరీదెక్కువ. అయినా ‘ఒంట్లో లోహం ఉండిపోదు’ అనే ఒక్క మాటతో ఇంట్లోవాళ్లు అటే మొగ్గుతారు. సంతకం పెట్టేముందు కొన్ని అంకెలు చూడాలి.

తెగిన ఏసీఎల్‌ను సాధారణంగా కుట్టి అతికించరు. తొడ వెనక కండరాల నుంచి రెండు టెండన్లు గానీ, మోకాలి చిప్ప కింది టెండన్‌లో ఒక పట్టీ గానీ తీసి కొత్త లిగమెంటుగా అమరుస్తారు. తొడ ఎముకలోనూ, మోకాలి కింది ఎముకలోనూ సన్నని సొరంగాలు తొలిచి దాన్ని లోపలికి లాగుతారు. సొరంగంలో టెండన్ పక్కనే స్క్రూ బిగిస్తే, అది టెండన్‌ను ఎముక గోడకు అదిమి పట్టుకుంటుంది. దాదాపు 7 నుంచి 10 మిల్లీమీటర్ల లావు, 20 నుంచి 35 మిల్లీమీటర్ల పొడవుండే చిన్న వస్తువు అది.

అది ఎంతకాలం పట్టుకోవాలి? టెండన్ ఎముకతో కలిసిపోయేదాకా. అమెరికాలో స్కాట్ రోడియో బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాన్ని 1993లో ప్రచురించింది. తొలి వారాల్లో గట్టిగా లాగితే టెండన్ సొరంగంలోంచి జారి వచ్చేసింది. 12 వారాలు నిండాక అలా ఊడి రాలేదు. ఆ లెక్కన స్క్రూకు అసలు పని సుమారు మొదటి మూడు నెలలే. శ్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టు, పనైపోయాక స్క్రూ కూడా మాయమైతే మంచిదే కదా! కరిగే స్క్రూ వెనక ఉన్న ఆలోచన ఇదే.

చిక్కంతా కరిగే వేగంలో ఉంది. తొలితరం కరిగే పరికరాల్లో ఎక్కువగా వాడిన పాలీగ్లైకాలిక్ ఆమ్లం కొన్ని వారాల్లోనే బలం కోల్పోతుంది. అంత తొందరగా విడుదలయ్యే పదార్థాన్ని శరీరం సర్దుకోలేక అక్కడ వాపు రావచ్చు. ఫిన్లండ్ పరిశోధకులు బోస్ట్‌మన్, పిహ్లాజమాకి రకరకాల ఎముకల ఆపరేషన్లలో ఇలాంటి పిన్నులు, స్క్రూలు వేయించుకున్న 2,528 మంది వివరాలను 2000లో వెల్లడించారు. పాలీగ్లైకాలిక్ ఆమ్లం వాడిన 2,037 మందిలో 107 మందికి, అంటే నూటికి 5 మందికి పైగా, క్రిములు లేని వాపు వచ్చింది. సగటున 11 వారాలకు అది బయటపడింది. పాలీలాక్టిక్ ఆమ్లం వాడిన 491 మందిలో వచ్చింది ఒక్కరికే. అయితే ఆ ఒక్కరికి వచ్చింది నాలుగేళ్లు దాటాక.

మోకాలి స్క్రూలకు ఈ రెండో రకం, ముఖ్యంగా అందులో పీఎల్‌ఎల్‌ఏ అనే రూపం, స్థిరపడింది. ఇది నీటి చర్యతో ముక్కలై, లాక్టిక్ ఆమ్లంగా మారి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరుగా వెళ్లిపోతుంది. కానీ ఎప్పటికి? అమెరికా సర్జన్లు బార్బర్, డోకరీ సీటీ స్కాన్లతో పరిశీలించి 2006లో చెప్పిన లెక్క ప్రకారం, స్క్రూ పూర్తిగా పోవడానికి ఏడేళ్లు పట్టింది. పోయిన చోట ఎముక మాత్రం పూడలేదు. ‘స్క్రూ కరిగి ఎముకగా మారిపోతుంది’ అని చెప్పేవారిని ఇక్కడ నిలదీయాలి. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అనే ఖనిజం కలిపిన స్క్రూలు ఈ విషయంలో కొంత నయం. అయినా వాటితోనూ అందరిలో ఎముక పూర్తిగా నిండదు.

ఇక మోకాలి పనితీరు. 2016లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, లోహపు స్క్రూనూ కరిగే స్క్రూనూ పోల్చిన 12 పరీక్షలను, 944 మంది రోగులను కలిపి చూసింది. నడక, ఆట, మోకాలి స్థిరత్వం... వేటిలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. స్వీడన్‌లో ఎనిమిదేళ్లు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలోనూ రెండు రకాల స్క్రూలు వేసిన రోగుల మోకాళ్లు ఇంచుమించు ఒకేలా పనిచేశాయి.

కాక్రేన్ సమీక్షలో తేడా వైఫల్యాల్లో వచ్చింది. ఆ వివరాలు దొరికినవారిలో చూస్తే, కరిగే స్క్రూ వేసిన 451 మందిలో 60 మందికి, లోహపు స్క్రూ వేసిన 434 మందిలో 29 మందికి చికిత్స విఫలమైనట్టు లెక్క తేలింది. దాదాపు రెట్టింపు. ఇక్కడే ఆగితే మాత్రం అన్యాయం చేసినట్టే. ఆ 60లో 16 ఆపరేషన్ బల్ల మీదే జరిగాయి. బిగిస్తుండగా స్క్రూయే విరిగింది. లోహంతో పోలిస్తే ఈ పదార్థం మెలితిప్పుడుకు తట్టుకోలేదు. గట్టి ఎముకలో, సొరంగానికి సరిపడని సైజుతో, డ్రైవర్ చివరిదాకా దిగకుండా తిప్పితే స్క్రూ తల చిట్లవచ్చు. ఆ 16 తీసేస్తే మిగిలింది 44కు 29. ఈ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలు గట్టిగా చెప్పలేవు. అంటే రెండు రకాల మధ్య తేడాలో దాదాపు సగం బిగించే క్షణంలోనే బయటపడుతోంది. అందుకే ఆ రకం స్క్రూతో సర్జన్‌కున్న అనుభవం చాలా ముఖ్యం.

లోహానికీ ఇబ్బందులున్నాయి. ఎంఆర్‌ఐలో స్క్రూ చుట్టూ బొమ్మ చెదురుతుంది, టైటానియం అయితే కాస్త తక్కువగా. మళ్లీ లిగమెంట్ తెగితే దారికి అడ్డొచ్చిన స్క్రూను తీయాలి. కరిగే స్క్రూ అయితే దాని మీదుగానే డ్రిల్ చేయవచ్చు. సగం కరిగి గుంత మిగిలితే మాత్రం అక్కడ ఎముక నింపాల్సి రావచ్చు.

పీక్ అనే మరో ప్లాస్టిక్ స్క్రూ కూడా ఉంది. అది కరగదు. ‘లోహం కాదు’ అన్నంత మాత్రాన ‘కరుగుతుంది’ అనుకోవద్దు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మోకాలు ఇంకా బాగా పనిచేస్తుందన్న ఆశతో అప్పు చేసి కరిగే స్క్రూ కొనాల్సిన అవసరం లేదు. ఆ డబ్బు ఆపరేషన్ తర్వాత నెలల తరబడి చేయాల్సిన ఫిజియోథెరపీకి దాచుకోండి. ఏ స్క్రూ వేసినా, దాని పదార్థం పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కర్ కాపీ అడిగి తీసుకుని డిశ్చార్జ్ కాగితాలతో భద్రపరచండి. ఏళ్లు గడిచాక మోకాలి కింద కోత పెట్టిన చోట గడ్డలా లేస్తే, తగ్గిపోతుందిలే అని ఊరుకోకుండా, ఆ కాగితం పట్టుకుని ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరకు వెళ్లండి.