ఇంగ్లీషు మాటలాడు దేశమేది?

భూగోళ గ్రంథములలోను, వార్తాపత్రికలలోను ‘ఇంగ్లీషు మాటలాడు దేశములు’ అను మాట తఱచుగా కానవచ్చును. ఆ మాట వినినంతనే ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండు మనసునకు తోచును. ఆ దేశములకు ఆ పేరెట్లు వచ్చినదని యడిగినచో, అచ్చట ఇంగ్లీషు అధికారభాష గనుక వచ్చినదని పెక్కుమంది తడుముకొనక చెప్పుదురు. సమాధానము సులభముగనే యున్నది గాని, అది నిజము కాదు.

ఇంగ్లండులో ఇంగ్లీషును అధికారభాషగా ప్రకటించిన శాసనమే లేదు. అంతేకాదు, ఒకప్పుడు ఆ దేశపు న్యాయస్థానములలో ఇంగ్లీషునకు చోటే లేకుండెను. 1066వ సంవత్సరమున నార్మనులు దేశమును జయించిన పిమ్మట రాజసభలో ఫ్రెంచియు, దస్తావేజులలో లాటినును చెలామణి యయ్యెను. బోనులో నిలిచిన రైతునకు తనపై జరుగు వాదమేమియో తెలియదు. 1362లో పార్లమెంటు వారు, న్యాయస్థానములలో వాదములు ఇంగ్లీషున జరుగవలెనని యొక శాసనము చేసిరి. ఆ శాసనమును వారు ఫ్రెంచిలో వ్రాసికొనుట వింత! దస్తావేజులు లాటినును శాశ్వతముగా విడిచి ఇంగ్లీషులోనికి వచ్చుటకు 1733 వఱకు పట్టినది. ఇన్ని శతాబ్దములు ఇంగ్లీషును బ్రతికించినది రాజు కాదు, శాసనము కాదు. పొలములోను, సంతలోను, పొయ్యి దగ్గఱను ఆ భాష తప్ప వేఱొండు ఎఱుగని సామాన్యులే దానిని బ్రతికించిరి.

అమెరికా సంగతియు నిట్టిదే. 1787లో వ్రాయబడిన ఆ దేశపు రాజ్యాంగములో అధికారభాష ప్రసక్తి లేదు. దేశమంతటికిని ఇంగ్లీషు అధికారభాష యని అధ్యక్షుని ఉత్తరువు వెలువడినది 2025 మార్చి 1వ తేదీన. ఆ ఉత్తరువునకు ముందునాడు అమెరికా ఏ భాష మాటలాడు దేశమో, మఱునాడును ఆ భాష మాటలాడు దేశమే. ఆస్ట్రేలియాకైతే అట్టి శాసనము నేటికిని లేదు.

దీనికి తలక్రిందైన సంగతి ఆఫ్రికా ఖండములో గలదు. నైరృతి దిక్కున నున్న నమీబియా దేశము 1990లో దక్షిణాఫ్రికా పాలననుండి విముక్తి పొంది, తన రాజ్యాంగములో ఇంగ్లీషునొక్కదానినే అధికారభాషగా నిలుపుకొన్నది. అంతకుముందు చెలామణిలో నున్న ఆఫ్రికాన్సు, తమ్ము నణచిన పాలకుల భాషగా వారికి తోచినది. ఇంగ్లీషు ఏ తెగకును సొంతభాష కాదు గనుక, ఏ తెగకును అసూయ కలుగదని వారి యాలోచన. ఆ యాలోచనలో వివేకము లేకపోలేదు. కాని 2011 జనాభా లెక్కలలో, ఇంటిలో ప్రధానముగా ఇంగ్లీషు మాటలాడు కుటుంబములు నూటికి నాలుగైనను లేవని తేలినది. దేశమున దాదాపు సగము ఇండ్లలో ఓషివాంబో భాషలే వినబడును. తన దేశపు చట్టము తన యింటి భాషలో లేని పౌరుడు, దానిని చదివి చెప్పువారి కొఱకు వెదకుకొనవలసినదే. ఆనాటి ఇంగ్లండు రైతునకు కలిగిన కష్టమే యిది. నాడు కష్టపడినది ఇంగ్లీషువాడు, అంతే భేదము.

అంత దూరము పోనక్కఱలేదు. మన నాగాలాండు రాష్ట్రమునకును 1967 నుండి ఇంగ్లీషే అధికారభాష. అచ్చట తెగకొక భాష గలదు. భిన్న తెగలవారు సంతలో కలసినప్పుడు బేరమాడునది నాగామీసులో.

శాసనము గుర్తు కాదన్నచో, ఇంగ్లీషు వచ్చినవారి సంఖ్య గుర్తు కావచ్చునా? హాలండు దేశమును చూడుడు. 2012లో ఐరోపా సమాజము వారు జరిపిన విచారణలో, ఇంగ్లీషున సంభాషింపగలమని చెప్పినవారు అచ్చట నూటికి తొంబదిమంది. ఐనను హాలండును ఇంగ్లీషు మాటలాడు దేశమని ఎవ్వరును అనరు. పరదేశీయునకు చక్కని ఇంగ్లీషులో దారి చెప్పిన డచ్చివాడు, ఇల్లు చేరి తల్లితో డచ్చిలోనే మాటలాడును. వారి పార్లమెంటులో వాదోపవాదములును డచ్చిలోనే సాగును. ఇంగ్లీషు వారికి నేర్చుకొన్న విద్య. పుట్టుకతో వచ్చిన నాలుక కాదు.

కాశ్మీరమున జన్మించి అమెరికాలో ఆచార్యుడైన బ్రజ్ కచ్రూ ఈ చిక్కును విడదీయుటకై 1985లో మూడు వలయములను కల్పించి చూపెను. బిడ్డకు తొలిపలుకే ఇంగ్లీషైన దేశములు లోపలి వలయము. ఒకప్పుడు ఇంగ్లీషువారి యేలుబడిలో నుండి, నేటికిని కచేరీలలోను కళాశాలలలోను ఆ భాషను వాడుకొను భారతదేశము, నైజీరియా వంటివి నడిమి వలయము. దానిని కేవలము పరభాషగా నేర్చుకొను దేశములు వెలుపలి వలయము. ఈ విభాగము విద్వాంసులలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. దీనిలో ఒక లోపమున్నది: చరిత్రను బట్టి గీసిన గీతలు గనుక, ఆ దేశములలోని మనుష్యులందఱును ఆ గీతలలో ఒదుగరు.

మన దేశమునే తీసికొందము. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము దేవనాగరి లిపిలోని హిందీని కేంద్రమునకు అధికారభాషగా నిర్ణయించి, ఇంగ్లీషునకు పదునైదేండ్ల గడువిచ్చినది. 1963 నాటి చట్టము ఆ గడువు పిమ్మటను ఇంగ్లీషు కొనసాగుటకు వీలు కల్పించినది. 2011 జనాభా లెక్కలలో ఇంగ్లీషు మాతృభాషయని వ్రాయించినవారు 2,59,678 మంది. రెండవ భాషగనో మూడవ భాషగనో వచ్చునన్నవారు దాదాపు 13 కోట్లు. ఇంగ్లండు జనాభా అంతయు ఆనాటికి 5 కోట్ల 30 లక్షలు. ఇంగ్లీషు వచ్చినవారు ఇంగ్లండులోకంటె మనదేశములో అధికమన్నమాట! కాని 121 కోట్ల జనములో వారు పదింట నొకవంతు మాత్రమే.

కావున, శాసనముకంటెను నేర్చినవారి సంఖ్యకంటెను ఇంటిమాటయే నమ్మదగిన గుర్తు. ఐతే ఇంటిమాట కదలని కొండ కాదు. ఐర్లండు చరిత్రయే దీనికి నిదర్శనము.

1937 నాటి ఐర్లండు రాజ్యాంగము ప్రకారము ఐరిషు ఆ దేశపు జాతీయభాష, ప్రథమాధికారభాష; ఇంగ్లీషు రెండవది. ఆ దేశపు వీథులలో వినబడునది మాత్రము ఇంగ్లీషు. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున ఇంచుమించు సగముమంది ఐరిషు మాటలాడుచుండిరి. అప్పటికే న్యాయస్థానము, వ్యాపారము, పార్లమెంటు ఇంగ్లీషువి. 1831 నుండి ఏర్పడిన పాఠశాలలలో చదువు ఇంగ్లీషులోనే చెప్పుచుండిరి. పెక్కు గ్రామములలో బాలుర మెడలో ఒక కఱ్ఱ వ్రేలాడదీయువారు. బాలుడు ఐరిషు పలికినప్పుడెల్ల దానిపై ఒక గాటు పెట్టుదురు. సాయంకాలమున గాట్లు లెక్కించి శిక్షింతురు. ఇందులో తల్లిదండ్రులును చేయి కలిపిరనుట మిక్కిలి విచారకరము. వారు క్రూరులు గారు. ఐరిషుతో కూడు దొరకదనియు, ఓడ యెక్కి అమెరికా పోవలెనన్న ఇంగ్లీషు కావలెననియు వారు కన్నులార చూచుచుండిరి.

అంతలో 1845లో బంగాళాదుంప పైరునకు తెగులు సోకినది. ఆ దుంపయే బీదలకు ఆహారము. తరువాతి కొలది యేండ్లలో ఇంచుమించు పదిలక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు దేశము విడిచిపోయిరి. చచ్చినవారిలోను పోయినవారిలోను ఐరిషు మాటలాడు పడమటి జిల్లాల నిరుపేదలే మెండు. 1851 లెక్కలలో ఆ భాష వచ్చినవారు 15 లక్షలకు, అనగా నూటికి ఇరువదిమువ్వురకు దిగిపోయిరి. 1922లో స్వపరిపాలన లభించిన వెంటనే ఐరిషును బడులలో నిర్బంధ పాఠ్యవిషయము చేసిరి. 2022 జనాభా లెక్కలలో ఆ భాష వచ్చునని 18 లక్షలమందికి పైగా చెప్పిరి. కాని పాఠశాల వెలుపల దినదినము మాటలాడువారు 71,968 మంది. బడి భాషను నేర్పగలిగినది గాని, దానిని తిరిగి యింటిలోనికి కొనిపోలేకపోయినది.

అట్టి మార్పే నేడు సింగపూరున కన్నులయెదుట జరుగుచున్నది. అచ్చట మలయా, చైనా, తమిళము, ఇంగ్లీషు నాలుగును అధికారభాషలు, జాతీయభాష మలయా. 1987 నుండి బడులన్నిటను బోధనాభాష ఇంగ్లీషైనది. ఇంటిలో ఎక్కువగా ఇంగ్లీషే మాటలాడువారు 2010లో నూటికి ముప్పదిరెండుగురుండగా, 2020 నాటికి నలువదియెనిమిదిమందియైరి. హొక్కియన్ మాత్రమే వచ్చిన అవ్వకును, ఇంగ్లీషు మరగిన మనుమనికిని నడుమ తల్లి దుబాసీగా నిలువవలసిన యిండ్లు అచ్చట గలవు.

ఇట్టి లెక్కలు పండితుల వినోదము కొఱకే కాదు. చదువునకో కొలువునకో విదేశము పోవువారికి వీనితో పని గలదు. బ్రిటను ప్రభుత్వము వీసాల నిమిత్తము ‘అధికసంఖ్యాకులు ఇంగ్లీషు మాటలాడు దేశములు’ అని యొక పట్టిక నుంచుకొన్నది. ఆ దేశముల పౌరులకు భాషాపరీక్ష అక్కఱలేదు. జమైకా ఆ పట్టికలో నున్నది. అచ్చటివారి యింటిమాట ఇంగ్లీషు పదములతో అల్లుకొన్న పాట్వా యైనను ఆటంకము లేకపోయినది. భారతదేశము, నైజీరియా అందు లేవు. చిన్ననాటినుండి ఇంగ్లీషులోనే చదివిన హైదరాబాదు విద్యార్థియైనను, తనకు ఆ భాష వచ్చునని పరీక్షతోగాని, పట్టముతోగాని, అట్టి మఱియొక ఆధారముతోగాని ఋజువు చూపవలెను. జనాభాలో దాదాపు సగముమంది ఇంటనే ఇంగ్లీషు పలుకుచున్న సింగపూరు పేరును ఆ పట్టికలో చేరలేదు.