అరుదైన స్పెల్లింగులకు ఫొనిక్స్ కార్డులు

ఇంగ్లిషు అక్షరాలు 26 కాగా ఆ భాషలో పలికే ధ్వనులు సుమారు 44 ఉన్నందువల్ల, ఇంగ్లిషు రాత రెండు, మూడు, ఒక్కొక్కప్పుడు నాలుగు అక్షరాలను కలిపి ఒకే ధ్వనికి గుర్తుగా వాడుతుంది. ఇలా ఒక ధ్వనికి గుర్తుగా నిలిచే అక్షరాన్ని గాని, అక్షరాల గుంపును గాని గ్రాఫీమ్ అంటారు. ధ్వనులకూ గ్రాఫీములకూ ఉన్న సంబంధాన్ని వరుసక్రమంలో నేర్పి, ఆ ధ్వనులను కూర్చి మాటను చదివించే పద్ధతే ఫొనిక్స్. 2006లో జిమ్ రోజ్ నివేదిక సిఫారసు చేశాక ఇంగ్లండు బడుల్లో ఈ పద్ధతి స్థిరపడింది. 2012 నుంచి అక్కడ ఐదారేళ్ల పిల్లలచేత 40 మాటలు చదివించి చూస్తున్నారు. వాటిలో సగం అర్థంలేని కల్పిత పదాలు కావడానికి కారణం, కంఠస్థం చేసిన మాటలను అప్పజెప్పడం కాక ధ్వనులను కూర్చడం వచ్చిందో లేదో తేల్చుకోవడమే.

గుణింతాలు, ఒత్తులు వచ్చిన తెలుగు పిల్లలు ఎన్నడూ చూడని మాటనైనా చదివేస్తారు. అదే పిల్లలు ఇంగ్లిషుకు వచ్చేసరికి అక్షరాల పేర్లు వల్లించి స్పెల్లింగు పట్టుకోవలసి రావడం వారికి అన్యాయమే, ఎందుకంటే అక్షరాల పేర్లలోంచి మాట ఉచ్చారణ పుట్టదు. పైగా రఘు, మేఘన వంటి పేర్ల ఇంగ్లిషు రాతకు అలవాటుపడిన కంటికి జి-హెచ్ కనబడగానే ఘకారమే స్ఫురిస్తుంది. ఎయిట్, నేబర్ అనే మాటల్లో ఇ-ఐ-జి-హెచ్ అనే నాలుగక్షరాలూ కలిసి ఒకే అచ్చును సూచిస్తాయని ఎవరైనా విడిగా చెప్పాలి. ఒకప్పుడు ఆ జి-హెచ్ గొంతులో ఒరిపిడితో పలికే, హకారాన్ని పోలిన ధ్వనికి గుర్తుగా ఉండేది. 1476లో కాక్స్‌టన్ వెస్ట్‌మిన్‌స్టరులో అచ్చుయంత్రం నెలకొల్పాక రాత క్రమంగా స్థిరపడుతూ వచ్చింది, పలుకు మాత్రం మారిపోయింది. నీ, నైఫ్ మాటల మొదట నేడు పలకని కె సంగతీ ఇదే. గ్రీకు మూలం గల స్కూల్, కెమిస్ట్రీలలో సి-హెచ్ కకారం కాగా, ఫ్రెంచి నుంచి వచ్చిన షెఫ్, మెషీన్‌లలో షకారమైంది.

అందువల్ల అరుదైన స్పెల్లింగులను ఒంటరి మాటలుగా కాక కుటుంబాలుగా కార్డులకెక్కించాలి. కార్డుకు ఒకవైపు గ్రాఫీమ్ మాత్రమే ఉండి, వెనుకవైపు దానితో ఏర్పడే మూడు నాలుగు మాటలు, బొమ్మ ఉంటే చాలు. కార్డు చూపగానే పిల్లలు అక్షరాల పేర్లు కాక ధ్వనినే పలకాలి. ఇ-ఎ అనే జంట ఏకారంగా పలికే మామూలు మాటలు గ్రేట్, బ్రేక్, స్టేక్ అనే మూడే గనుక, మూడింటినీ ఒకే వాక్యంలో ఇమిడ్చి ఒకే కార్డుపై రాయవచ్చు. ఓ-యు-జి-హెచ్ మాత్రం దో, త్రూ, రఫ్, కాఫ్ మాటల్లో ఒక్కోచోట ఒక్కోలా పలుకుతుంది కాబట్టి ధ్వనికొక కార్డు కావాలి, వాటిని ఒకేరోజు చూపకూడదు.

కొన్నిచోట్ల తెలుగు చదువే సాయానికి వస్తుంది. స్టిచ్, ఫెచ్ మాటల చివర టి-సి-హెచ్, బ్రిడ్జ్, హెడ్జ్ మాటల చివర డి-జి-ఇ రావడం హ్రస్వం తరువాతే. టీచ్, కోచ్, పేజ్ మాటల్లో ముందున్నది దీర్ఘం కనుక ఆ అదనపు టి, డి ఉండవు. హ్రస్వదీర్ఘాల తేడాను అక్షరమాలతోనే నేర్చుకున్న తెలుగు పిల్లలకు ఈ నియమం వెంటనే బోధపడుతుంది. రిచ్, మచ్, సచ్ వంటి కొద్ది మినహాయింపులకు వేరే కార్డు వేస్తే సరిపోతుంది.

అరుదైన రూపాలు పాఠాల్లో తరచుగా తగలవు కనుక వాటిని మళ్లీమళ్లీ చూపే ఏర్పాటు తప్పనిసరి. సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పెట్టెల పద్ధతిలో, సరిగా చెప్పిన కార్డు తరువాతి పెట్టెలోకి వెళ్లి ఎక్కువ రోజుల తరువాత పైకి వస్తుంది, తప్పిన కార్డు మొదటి పెట్టెకు తిరిగి చేరుతుంది. అయితే కార్డుపై చదవడంతోనే పని పూర్తి కాదు. అవే మాటలను వాక్యాల్లో చదివించి, డిక్టేషనుగా రాయించాలి. నేబర్ మొదటి భాగాన్ని ఎన్-ఎ-వై అని రాసిన పిల్లవాడు ధ్వనిని సరిగానే విన్నాడు, గ్రాఫీమ్ ఎంపికలో మాత్రమే తప్పాడు. అప్పుడు మాటంతా కొట్టివేయకుండా, పొరపాటు పడిన గుంపు కింద మాత్రం గీత గీసి, ఆ ఒక్క కార్డును మొదటి పెట్టెలో వేయాలి.