సాహిత్యం సీటుకు బిట్లే దిక్కా?

‘కన్యాశుల్కం’ మీద ఒక బిట్ ఇలా ఇవ్వొచ్చు: తొలి ముద్రణ ఏ సంవత్సరం? ఆప్షన్లు నాలుగు: 1892, 1897, 1909, 1915. మొదటిది విజయనగరంలో నాటకం తొలిసారి ఆడిన ఏడు. మూడోది గురజాడ తిరగరాసి వేసిన రెండో కూర్పుది. నాలుగోది ఆయన పోయిన ఏడు. నాలుగూ ఎక్కడో విన్నట్టే ఉంటాయి. బిట్ తయారుచేసేవారి ఒడుపంతా అందులోనే ఉంది. 1897 మీద నొక్కినవారికి మార్కు.

అదే నాటకం మీద ఇంకో ప్రశ్న వేసి చూడండి. 1897 కూర్పులో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి 1909 నాటికి నాటకాన్నే నడిపించేంతగా ఎలా ఎదిగింది? ఆ పన్నెండేళ్లలో గురజాడ దేన్ని కొట్టేశారు, దేన్ని కొత్తగా కలిపారు? దీనికి ఆప్షన్లుండవు. రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని కొన్ని నెలలు కూర్చోవాలి, ఇరవై పేజీలు రాయాలి. అమెరికాలో సాహిత్యం పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేవారిని అడిగేది ఆ ఇరవై పేజీలనే. మన దగ్గర డిగ్రీ, పీజీ కలిపి అయిదేళ్లు చదివినవాళ్లలో ఈ రెండో రకం ప్రశ్న ఒక్కసారైనా ఎదురైనవారు ఎందరుంటారు? సాహిత్యం చదవాలనుకునే తెలుగు పిల్లల కష్టాల్లో సగం ఈ రెండు ప్రశ్నల మధ్య దూరంలోనే ఉన్నాయి.

ఇంటి గడప దాటడం మిగతా సగం. ‘పెదనాన్న కొడుకు ఎం.ఎస్.కి డాలస్ వెళ్తుంటే నువ్వు ఎం.ఏ. తెలుగేంట్రా?’ అన్న మాట వినని పిల్లలు అరుదు. ఎం.ఏ. తెలుగులో చేరేవారిలో చాలామంది లెక్క వేరే ఉంటుంది. తెలుగు పండిట్ శిక్షణ, స్కూల్ అసిస్టెంట్ పోస్టు, జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్. అందులో తప్పేముంది? పల్లెల్లోంచి వచ్చిన మొదటి తరం చదువరులకు సాహిత్యం అన్నం పెట్టిందంటే ఆ పోస్టుల ద్వారానే. కాకపోతే పోస్టు కోసం చేరినవారికీ, పరిశోధన కోసం చేరినవారికీ ప్రవేశ పరీక్ష ఒకటే.

తెలంగాణలో అది సీపీగెట్. ఉస్మానియా నిర్వహిస్తుంది. కాకతీయ, శాతవాహన, పాలమూరు, మహాత్మాగాంధీ వంటి విశ్వవిద్యాలయాల సీట్లన్నీ దాని కిందికే వస్తాయి. గంటన్నరలో వంద బిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి ఏపీ పీజీసెట్ ఉంది, అదీ ఇదే తరహా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకో, ఢిల్లీకో వెళ్లాలంటే 2022లో మొదలైన సీయూఈటీ పీజీ రాయాలి. ఇప్పుడందులో 75 ప్రశ్నలు, సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఒకప్పుడు జేఎన్‌యూ భాషా విభాగాల ప్రవేశ పరీక్షలో వ్యాసాలు రాయించేవారు. 2019లో అదీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే బిట్ పేపరైపోయింది. వేలమంది జవాబుపత్రాలు దిద్దడం కష్టమన్నది నిజమే. కానీ రాయడం రానివారిని వడపోసే అవకాశం ఆ దెబ్బతో పోయింది. రాయడం వచ్చినవారు తమను తాము చూపించుకునే చోటూ పోయింది. నన్నడిగితే రెండో నష్టమే పెద్దది.

ఎం.ఏ. అయ్యాక యూజీసీ వారి అర్హత పరీక్ష నెట్. రెండు పేపర్లూ కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు. ‘కాలక్రమంలో అమర్చండి’, ‘జతపరచండి’ అంటూ తేదీలతో చెడుగుడు ఆడిస్తారు. ఇంగ్లిష్ తీసుకున్నవారు చాసర్ నుంచి పోస్ట్‌కలోనియల్ సిద్ధాంతాల దాకా సంవత్సరాలు బట్టీపడితే, తెలుగువారు నన్నయ నుంచి మొన్నటి అకాడమీ అవార్డుల దాకా పడతారు. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకూ నెట్ స్కోరే తీసుకోవచ్చని యూజీసీ చెప్పింది. అర్హులను మూడు వర్గాలు చేశారు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి ఇంటర్వ్యూ చాలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పీహెచ్‌డీకి వచ్చేవారికీ, పీహెచ్‌డీకి మాత్రమే అర్హులైనవారికీ నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఈ రెండు వర్గాలవారి స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఈ పద్ధతికి ఆరంభమే అపశకునం: 2024 జూన్ 18న రాసిన పరీక్షను మర్నాడే రద్దు చేసి, ఆగస్టు, సెప్టెంబరుల్లో మళ్లీ పెట్టారు. సొంత ప్రవేశ పరీక్ష నడుపుకుంటున్న విశ్వవిద్యాలయాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ప్రతి నోటిఫికేషన్నూ చివరి పేరా దాకా చదవాల్సిందే.

ఆ 30 శాతం ఇంటర్వ్యూ మీద ఒక మాట. అభ్యర్థి ఏం ఆలోచిస్తున్నాడన్నది తేలే చోటు మొత్తం ప్రక్రియలో ఇదొక్కటే. అక్కడికి ‘స్త్రీవాద కవిత్వం - ఒక పరిశీలన’ లాంటి శీర్షికతో వెళితే బోర్డులోని ఆచార్యులు మర్యాదగా నవ్వి పంపించేస్తారు. ‘ఒక పరిశీలన’, ‘సమగ్ర అధ్యయనం’ అనే తోకలు తగిలించిన సిద్ధాంత గ్రంథాలతో మన గ్రంథాలయాల బీరువాలు ఇప్పటికే నిండిపోయాయి. ఏ కవయిత్రి, ఏ సంపుటి, ఏ దశాబ్దం, అందులో మీకు అర్థంకానిదేమిటి? అది చెప్పగలిగితే సగం పని అయినట్టే.

విదేశం సంగతికి వద్దాం. ఎం.ఎస్. దరఖాస్తులంటే అమీర్‌పేటలో ఎవరిని లేపినా నిద్రలోనే చెబుతారు. సాహిత్యం అంటే మాత్రం ఆ కన్సల్టెన్సీలు తెల్లమొహం వేస్తాయి. వారి దగ్గరుండే రెడీమేడ్ ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఇక్కడ చెల్లదు. కంప్యూటర్ సైన్స్ విభాగంలో ఫైలు చూసేవారు ముందు మార్కులు చూస్తారేమో. సాహిత్య విభాగంలో చూసేవారికి చదవడమే వృత్తి. అరువు వాక్యాన్ని వాళ్లు మూడో లైనులోనే పట్టేస్తారు. ‘చిన్నప్పటి నుంచీ నాకు పుస్తకాలంటే ప్రాణం’ అని మొదలుపెడితే ఆ కమిటీ అప్పటికే అలాంటివి కట్టలకొద్దీ చూసి ఉంటుంది. ‘కన్యాశుల్కం రెండు కూర్పుల మధ్య మధురవాణి మాటతీరు మారింది, దాన్ని అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నడిచిన యాంటీ-నాచ్ ఉద్యమంతో కలిపి చదవాలనుకుంటున్నాను’ అని మొదలుపెట్టిన కాగితాన్ని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

ఆ రెండు పేజీల ఎస్‌ఓపీకి బలం రైటింగ్ శాంపిల్. విభాగాన్ని బట్టి పదిహేను నుంచి పాతిక పేజీలు. ఎం.ఏ. డిసర్టేషన్‌ను యథాతథంగా పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు చాలామంది. మన డిసర్టేషన్లలో మొదటి అధ్యాయం కవి జీవితం, రెండోది యుగ నేపథ్యం, మూడోది ప్రక్రియా పరిణామం. అసలు వాదం నాలుగో అధ్యాయం మధ్యలో ఎక్కడో మొదలవుతుంది. మొదటి మూడూ తీసేసి ఆ నాలుగోదాన్నే పెంచుకోవాలి. జీఆర్‌ఈ భయం అక్కర్లేదు. ఇంగ్లిష్ సాహిత్యానికి ప్రత్యేకంగా ఉన్న జీఆర్‌ఈ సబ్జెక్ట్ పరీక్షను 2021లోనే ఎత్తేశారు, మామూలు జీఆర్‌ఈని కూడా చాలా ఇంగ్లిష్ విభాగాలు అడగడం మానేశాయి.

ఏ విభాగానికి పెట్టాలన్నది ఇంకో చిక్కు. తెలుగు కోసమే ప్రత్యేక విభాగం అక్కడ వెతికితే దొరకదు. సౌత్ ఏషియన్ స్టడీస్‌లోనో, కంపారెటివ్ లిటరేచర్‌లోనో వెతకాలి. వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, దక్షిణాసియా అధ్యయనాల గొడుగు కిందే. బర్క్‌లీ, పెన్సిల్వేనియా లాంటి చోట్లా తెలుగు బోధన సాగుతోంది. ఇంకో సంగతి, మనవాళ్లు దరఖాస్తులో రాయడమే మరిచిపోయేది: అక్కడి పీహెచ్‌డీకి ఇంగ్లిష్ కాక మరో భాషలో చదవగలగాలని అడిగే విభాగాలు చాలా ఉన్నాయి. తెలుగు, హిందీ, కాస్త సంస్కృతమో ఉర్దూనో వచ్చిన మన పిల్లలు ఆ గడిలో ‘మాతృభాష: తెలుగు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ప్రబంధం చదవగలరా, శాసనం చదవగలరా, పాత పత్రికల గ్రాంథికం చదవగలరా? అవన్నీ అక్కడ అర్హతలే.

సిఫారసు లేఖలు మూడు కావాలి. ఇక్కడ మన అలవాటు అందరికీ తెలిసిందే. ‘నువ్వే రాసుకుని పట్రామ్మా, సంతకం పెడతాను’ అంటారు సార్. పని ఒత్తిడీ ఉంటుంది, ఇంగ్లిష్‌లో రాయడానికి మొహమాటమూ ఉంటుంది. ఫలితంగా మూడు లేఖలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి, మూడింట్లోనూ ‘కష్టపడే స్వభావం’, ‘క్రమశిక్షణ’ ఉంటాయి. సార్‌ను బతిమాలైనా ఒక్క పేరా ఆయన చేతే రాయించుకోండి: క్లాసులో మీరు అడిగిన ప్రశ్నో, సెమినార్ పేపర్లో పట్టుకున్న పాయింటో. పైగా లేఖ అడిగే లింకు నేరుగా ఆయన మెయిల్‌కే వెళ్తుంది. అది స్పామ్‌లో పడి ఉంటుంది, గడువు దాటిపోతుంది. రెండు రోజులకోసారి ఫోన్ చేసి గుర్తుచేయడానికి సిగ్గుపడొద్దు.

ఇక డబ్బు. అమెరికాలో సాహిత్యం ఎం.ఏ.కు సాధారణంగా మన జేబులోంచే కట్టాలి. పీహెచ్‌డీ అయితే పేరున్న చోట్ల ట్యూషన్ మాఫీ, అయిదారేళ్లు స్టైపెండ్, బదులుగా క్లాసులు చెప్పడం. పొలం తాకట్టు పెట్టి సాహిత్యం ఎం.ఏ.కు అమెరికా వెళ్లడం నా దృష్టిలో దుస్సాహసం. ఎస్సీ తదితర వర్గాల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది కదా అంటారు. 2022లో సవరించిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన సమాజంపై అధ్యయనాలు ఆ పథకానికి పనికిరావన్నారు. తెలుగు దళిత కథ మీద బయట పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి ఆ తలుపు వేసినట్టే కదా! ఇక్కడ చూస్తే 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37 వేలు, రెండేళ్లయ్యాక 42 వేలు. జేఆర్‌ఎఫ్ రానివారికి సెంట్రల్ యూనివర్సిటీల్లో నెలకు 8 వేలు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ లేదు.

అమెరికా తలుపులు కూడా మునుపటిలా లేవు. బోస్టన్ విశ్వవిద్యాలయం 2024 నవంబరులో ఇంగ్లిష్‌తో సహా పలు మానవీయ శాస్త్రాల పీహెచ్‌డీ ప్రవేశాలను ఏడాదిపాటు ఆపేసింది. 2025 ఆగస్టులో షికాగో విశ్వవిద్యాలయం కూడా ఆర్ట్స్, హ్యుమానిటీస్‌లో అనేక విభాగాలకు 2026-27 ప్రవేశాలు నిలిపేస్తున్నామంది. దక్షిణాసియా భాషల మీద దశాబ్దాలుగా పనిచేసిన చోటు అది. కాబట్టి ఫీజు కట్టే ముందు ఆ విభాగం ఈ ఏడు అసలు పిల్లల్ని తీసుకుంటోందా అని మెయిల్ పెట్టి అడగండి. ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్లకు అటూ ఇటూ అవుతుంది. మాఫీ అడిగితే ఇచ్చేవారూ ఉన్నారు. అదే మెయిల్లో ఆ సంగతీ అడిగేయొచ్చు.

అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి. డిసెంబరు నెట్ ఈ మధ్య ఏడాది చివర్లోకో, జనవరి మొదటి వారాల్లోకో జారుతోంది. రెండు దారులూ పట్టినవారికి ఒక చేత్తో ఇరవై పేజీల వాదం, ఇంకో చేత్తో తేదీల పట్టిక తప్పవు. పేజీల పని వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టి, దసరా నాటికి ఇద్దరు ముగ్గురు సీనియర్ల చేత చదివించుకుని, దీపావళి లోపు దిద్దుకోండి. గురజాడ 1892లనూ 1909లనూ బట్టీ పట్టడానికి డిసెంబరు చాలు.