నివురుగప్పిన నిప్పు

"ఒంట్లో కులాసాగానే వుంది, మందు మానేస్తే యేం మాస్టారూ?" అని మా బెజవాడలో ఒక పూర్వ విద్యార్థి అడిగాడు. అతనికి హెచ్.ఐ.వి. వున్నది.

మన ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తున్న ఈ మందు క్రిమిని అణచుతుందే గాని తుడిచిపెట్టదు. దాగిన క్రిమితో శరీరం పోరుతూనే వుంటుంది. ఆ పోరులో పుట్టే సన్నని తాపం, కాలువగట్టును లోలోపల నీరు కోసినట్లు, ఏళ్ల తరబడి రక్తనాళాలను చెరుస్తుంది. గుండెకు ముప్పు తెస్తుంది.

మందు మధ్యలో ఆపినవారిలో మరణాలు, గుండెజబ్బులు హెచ్చినట్లు 2006లోనే తేలింది. మన దేశంతో సహా 12 దేశాల్లో 7,769 మందిపై జరిగి, 2023లో వెలువడిన పరిశోధనలో, కొవ్వు తగ్గించే పిటావాస్టాటిన్ మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటివాటిని 35 శాతం తగ్గించింది. అది ఎవరికి తగునో డాక్టరే చెప్పాలి.

మానవలసింది మందు కాదు, సిగరెట్టు. ఇక ఇరుగుపొరుగు చేయవలసిందల్లా, ఆస్పత్రికి వెళ్లేవాణ్ణి వింతగా చూడకపోవడమే.