ఇంకో ఫౌండర్ కథ

మన కాలేజీలో "ఫౌండర్" అనగానే స్టార్టప్పు, లింక్డిన్ గుర్తొస్తాయి. కానీ ఇంగ్లీషులో అదే స్పెల్లింగుతో ఇంకో పాత మాట ఉంది. గుర్రాలకు వచ్చే ఒక రకం కుంటుకి అది పేరు.

నాకీ మాట తెలిసింది మా జహీరాబాద్‌లో ఒక పెళ్లి బరాత్ వల్ల. పెళ్లికొడుకు ఎక్కాల్సిన గుర్రం ముందు కాళ్లు చాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడింది. ఎంత అదిలించినా కదలదు. "ఏం కాలే బాబూ, జర కుంటుతుంది, అంతే" అన్నాడు గుర్రమాయన. బ్యాండు మొదలైంది. గుర్రం ఎలాగో నడిచింది. ఇంటికొచ్చి వెతికితే, అలా నిలబడటం ఫౌండర్‌కి ముఖ్యమైన గుర్తు అని తెలిసింది. ఇప్పుడు పశువైద్యులు దీన్ని లామినైటిస్ అంటున్నారు.

గుర్రం గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. సన్నటి పొరలు దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచుతాయి. దాణా మరీ ఎక్కువ తిన్నా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరినా, గట్టి రోడ్డు మీద అదేపనిగా పరిగెత్తినా ఆ పొరలు దెబ్బతిని పట్టు వదలొచ్చు. అప్పుడు ఎముక కొన కిందికి తిరుగుతుంది, ముదిరితే కిందికి దిగబడుతుంది. సివిల్ బ్రాంచి వాళ్ల భాషలో చెప్పాలంటే పునాది కుంగడమే.

ఈ పోలిక ఊరికే కుదరలేదు. లాటిన్‌లో "ఫుందుస్" అంటే అడుగుభాగం. ఫౌండేషన్, సంస్థ పెట్టే ఫౌండర్ దాన్నుంచే వచ్చాయి. పాత ఫ్రెంచి మీదుగా మునగడం, కూలబడటం అనే అర్థంతో ఈ రెండో ఫౌండర్ కూడా అక్కణ్నుంచే వచ్చింది. ఓడ మునిగినా, గుర్రం కూలినా అదే మాట. 14వ శతాబ్దపు కవి చాసర్ కూడా గుర్రం విషయంలో దీన్ని వాడాడు. మన తెలుగులో చూడండి, గిన్నె అడుగూ, మనం వేసే అడుగూ ఒకే మాట!

"కుంటుతుంది" అంటే పైకి కనిపించే నడక మాత్రమే. "ఫౌండర్" అనే మాట లోపల ఏం జరిగిందో చెబుతుంది. 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచిన సెక్రటేరియట్ లాంటి గుర్రాన్నే ఈ జబ్బు వల్ల 1989లో ఇంజెక్షన్ ఇచ్చి చంపాల్సి వచ్చింది.

ఆ రాత్రి నాకీ మాట తెలీదు కాబట్టి నోరు విప్పలేదు. మీకిప్పుడు తెలుసు. బరాత్‌లో గుర్రం అలా నిలబడితే దాన్ని నడిపించకండి. ముందు డాక్టర్ని పిలవమనండి. పెళ్లికొడుకు నడిచి వెళ్తే నష్టమేం లేదు.